ఆరోగ్యశాలయు అన్నసత్రమును

గుంటూరు జిల్లా తుళ్లూరు మండలములో, కృష్ణానదికి కుడిగట్టున, మల్కాపురమను చిన్న గ్రామము కలదు. అచ్చట నొక శిలాస్తంభముపై కాకతీయ రుద్రమదేవి కాలమునాటి శాసనము చెక్కబడియున్నది. అది శక సంవత్సరము 1183, అనగా క్రీస్తుశకము 1261 నాటిది. చరిత్ర విద్యార్థులు దానిని కాకతీయుల వంశక్రమము కొరకును, గోళకీమఠముయొక్క వ్యాప్తి కొరకును చదువుదురు. మేము నేడు దానిని మరియొక పనికై విప్పుచున్నాము. మందు పనిచేయుట మానిన పిమ్మట మనిషిని ఎచ్చట ఉంచవలెను? ఆ చోటు ఇల్లువలె ఉండవలెనన్నచో అందు ఏమేమి కావలెను? నయము కాని రోగులకు బాధ తగ్గించి తోడునిలుచు సేవను ఈనాడు ఉపశమన చికిత్స అనుచున్నారు. దానికొరకు కట్టడములు లేచుచున్న ఈ దినములలో, ఈ ప్రశ్నకు మన నేలమీదనే కొన్ని పాత సమాధానములు కలవని మా తలంపు.

శాసనము చెప్పు కథ యిది. గణపతిదేవ చక్రవర్తి, గౌడదేశమునుండి వచ్చిన విశ్వేశ్వరశంభువను శైవాచార్యునివద్ద దీక్ష గైకొనెను. గురువునకు మందరమను గ్రామమును ఇచ్చెదనని మాట యిచ్చెను. అదియే నేటి మందడము. ఆయన కుమార్తె రుద్రమదేవి తండ్రి మాటను నెరవేర్చి, దానితోపాటు వెలగపూడిని గూడ ధారవోసెను. రాజధాని వార్తలలో ఈనాడు మనము తరచు వినుచున్న పేళ్లే యివి. విశ్వేశ్వరశంభువు ఆ భూములపై ఆలయమును, మఠమును, అగ్రహారమును నెలకొల్పి, వచ్చుబడిని మూడు పాళ్లుగా పంచెను. అందొక పాలు మూడు సంస్థలకు ఉమ్మడిగా చెందెను. ఒకటి ప్రసూతిశాల, రెండవది ఆరోగ్యశాల, మూడవది విప్రసత్రము. అనగా కాన్పుటిల్లు, వైద్యశాల, వంటశాల ఒకే పద్దులో నిలిచినవి. జీతగాండ్రలో వేదశాస్త్రములు చెప్పువారితోపాటు ఒక వైద్యుడును, లెక్కలు వ్రాయు ఒక కాయస్థుడును పేర్కొనబడిరి. సత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు వచ్చినవారికెల్ల ఎల్లవేళల అన్నము పెట్టవలెనని కట్టడి చేయబడెను.

ఆనాటి ఆరోగ్యశాలయందు మరణాసన్నులకు వేరు గది యుండెనని మేము చెప్పుటలేదు. శాసనము అట్లనుటలేదు. విప్రులకని ఒక సత్రమునకు పేరు పెట్టుటలోనే ఆనాటి సంఘపు గోడలును కనబడుచున్నవి. కాని పుట్టుకను, రోగమును, అన్నమును ఒకే రాబడితో పోషింపవలెనని తలచిన ఆ పద్దు మాత్రము మా మనస్సున నాటినది. పొయ్యికి దూరముగా రోగిని ఉంచరాదని ఆ దాత యెరిగియుండెనేమో అనిపించును.

ఈ యూహ మాకు పుస్తకమువలన కలిగినది కాదు. కొన్ని యేండ్ల క్రిందట పల్నాటి మెరక పల్లె యొకదానికి పత్తి రైతుల మాటలను ధ్వనిముద్రణ చేయుటకై వెళ్లితిమి. పత్తితీతలు సాగుచున్న కాలము. రైతు ఇంటి ముందుగది నిండ తెల్లని పత్తి గుట్టగా పోసియున్నది. ధర కొరకు నిలువయుంచిన సరకు. వసారలో నులకమంచముపై ఆయన తల్లి పడుకొనియుండెను. నయము కాని రోగము. నగరపు ఆసుపత్రిలో పది దినములుంచి, ఇక చేయగలది లేదని పంపివేసిరి. మేము యంత్రమును అరుగుపై పెట్టి తీగెలు కలుపుకొనుచుండగా, ఆమె తల కొంచెమెత్తి, "అన్నం తిన్నారా నాయనా?" అని అడిగెను. తిన్నామని బొంకితిమి. ఆమె నమ్మలేదు. కోడలిని పిలిచి, "వాళ్లకి మజ్జిగన్నా ఇయ్యవే అమ్మాయ్" అనెను. మజ్జిగ వచ్చెను. మేము త్రాగునంతవరకు ఆమె చూచుచునే యుండెను.

సాయంకాలము కుమారుడు మమ్ము బస్సువరకు సాగనంపుచు చెప్పినది మరువరాదు. "అక్కడున్న పదిరోజులు మా అమ్మ నోరు విప్పలేదండీ. గోడవైపు తిరిగి పడుకునేది. ఇక్కడికొచ్చాక అందర్నీ కేకలేస్తంది." ఆ ఆసుపత్రిలో ఆయన రాత్రులు మంచము క్రిందనే పడుకొనెనట. వంట చేసికొను చోటు లేదు. పొట్లముల అన్నమే తల్లికిని తనకును. అచ్చట వారికి ఎవరును కీడు చేయలేదు. సూది వేళకు పడినది, దుప్పటి మార్చబడినది. అయినను ఆ పది దినములు ఆమె పుచ్చుకొనునదిగా మాత్రమే యుండెను. ఇంటికి వచ్చిన పిమ్మట మరల పెట్టునది అయ్యెను. వచ్చినవారిని అన్నము తిన్నారా అని అడుగగలిగిన చోటు, అడిగినచో పెట్టించగలిగిన చోటు ఏదో, అదియే మన జనమునకు ఇల్లు. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఈ ఒక్క మాటయే. తక్కినదంతయు దీనికి సాక్ష్యము.

ఇల్లు విడిచినవారికి ఇల్లేదను ప్రశ్న మల్కాపురమునకు వేయేండ్లు ముందే ఈ సీమలో పుట్టినది. పల్నాటి నాగార్జునకొండ లోయలో క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దులలో, ఇక్ష్వాకుల కాలమున, బౌద్ధ విహారములు వర్ధిల్లెను. నాగార్జునసాగరపు నీరు ముంచకముందు, 1954 మొదలు 1960 వరకు, పురావస్తుశాఖవారు ఆ లోయను త్రవ్విరి. అచ్చటి శాసనమొకదానిలో 'విగతజ్వరాలయము' అను మాటను పండితులు చదివిరి. జ్వరము విడిచినవారు తేరుకొనుటకై విహారములో కేటాయించిన చోటని దానికి అర్థము చెప్పిరి. భిక్షువునకు తల్లి లేదు, భార్య లేదు, కోడలు లేదు. రోగము వచ్చినచో పథ్యము కాచి యిచ్చువారెవరు? వినయపిటకములో దీనికి ఒక కథ కలదు. అతిసారముతో తన మలములో తానే పడియున్న భిక్షువును బుద్ధుడు చూచెను. ఆనందునితో కలిసి స్వయముగా అతనిని కడిగి మంచముపై పరుండబెట్టెను. పిమ్మట తక్కిన భిక్షువులను పిలిచి, తల్లిదండ్రులను విడిచివచ్చిన మీరు ఒకరికొకరు సేవ చేసికొననిచో ఇక చేయువారెవరని మందలించెను. ఇంటిని విడిచినను ఇంటి ధర్మము విడువలేదన్నమాట.

అయితే ఆ మతములోనే దీనికి ఎదురు సంప్రదాయమొకటి కనబడుచున్నది. దానిని దాచి మా వాదమును బలపరచుకొనుట న్యాయము కాదు. ఏడవ శతాబ్దపు చైనా భిక్షువు దావోష్వాన్ రోగిసేవనుగూర్చి వ్రాయుచు, శ్రావస్తి జేతవనములో అనిత్యశాల యను పేర ఒక కట్టడముండెనని పరంపరగా వచ్చిన మాటను పేర్కొనెను. తన గదిలోనే యున్న రోగి తన వస్త్రములను, పాత్రను, సామగ్రిని చూచుచు వానిపై మమకారము పెంచుకొనును. కావున అవసానకాలమున అతనిని ఆ శాలకు మార్చువారట. అందు బుద్ధుని ప్రతిమ యుండును. ప్రతిమ చేతినుండి పంచవన్నెల గుడ్డ వ్రేలాడును. దాని కొనను రోగి పట్టుకొనును. అనగా ఆ శాలను ఇల్లువలె ఉండకుండుటకే కట్టిరి.

మన గృహస్థులలోను ఈ తలంపు లేకపోలేదు. కాశీలో కన్నుమూయవలెనని కృష్ణాతీరమునుండియు, గుండ్లకమ్మ తీరమునుండియు బయలుదేరి పోయిన ముసలివారు తరతరములుగా ఉన్నారు. వారికై కాశీలో తెలుగువారి సత్రములును ఆశ్రమములును వెలసినవి. 1958లో అచ్చట కాశీలాభ ముక్తిభవనమను పేర ఒక గృహము, మరణము నెదురుచూచువారి కొరకే, నెలకొల్పబడెను. అందు వైద్యము లేదు. బస రెండు వారములవరకు. విశేషమేమనగా, వెంటవచ్చిన కుటుంబము తన వంట తానే చేసికొనును. బంధము తెంచుకొనుటకని వెళ్లిన చోట సహితము పొయ్యి వెంటవచ్చినది. కావున ఇల్లు విడువగోరువారికిని, ఇంటనే యుండగోరువారికిని కావలసినది ఒక్కటియే: ఎచ్చట ఉండవలెనో తామే నిర్ణయించుకొను స్వేచ్ఛ, నిర్ణయించుకొన్నచోట తమవారి చేతి అన్నము.

ఇంతకును ఇల్లే మేలు గదా, వేరే కట్టడమెందుకని శ్రోతలు అడుగవచ్చును. పూర్వపు ఇంటికి ఈ పని తెలియును. అరుగు వచ్చిపోవువారిది. వసార రోగిది, అచ్చట పడుకొన్నవానికి వీధియు కనబడును, వంటయింటి చప్పుడును వినబడును. ప్రాణము పోవువేళ మంచముమీదనుండి నేలకు దించి, తులసితీర్థము పోయుట హిందువుల వాడుక. కలిమా వినిపించుట ముస్లిముల వాడుక. చుట్టు నిలిచి ప్రార్థించి పాటలు పాడుట క్రైస్తవుల వాడుక. ఏ మతమువారికైనను కావలసినవి మంచము చుట్టు నలుగురు నిలుచు చోటు, తెరచిన ద్వారము.

కాని ఈ మైదానములో ఇల్లు అన్నివేళల ఇల్లుగా ఉండదు. పత్తికాలమున ముందుగది సరకుదగును; మంచము వసారకు జరుగును. మిరపకాలమున, మాఘఫాల్గుణములలో, కల్లములలో ఎండుకాయ ఆరుచుండును. కొనుగోళ్లు సాగు చైత్రవైశాఖములవరకు ఆ ఘాటు గాలిలో వీడదు. ఆరోగ్యవంతునికే దగ్గు తెప్పించు ఆ గాలి ఊపిరి చాలని రోగికి శిక్ష. వేసవి వచ్చినచో, ఎండలకు పేరుపడిన రెంటచింతల చుట్టుపట్ల రేకుల కప్పు క్రింద పగలు గడపుట ఎట్టిదో చెప్పనక్కరలేదు. కూలిపని చేయువారింట తలుపు దగ్గరకు వేసి అందరును చేనికి పోవుదురు. రోగియు, నీళ్లచెంబును మిగులుదురు.

ఇంతకంటె కఠినమైనది పట్టణములోని అద్దె యింటి కథ. ధనిష్ఠా పంచకమువంటి నక్షత్రములలో మరణము సంభవించినచో ఆ యింటిని కొన్ని నెలలు విడిచి పెట్టవలెనను నమ్మకము మనలో పాతుకొనియున్నది. సొంతయిల్లు కలవారు తలుపు మూసి మరియొకచోట తలదాచుకొందురు. అద్దెకున్నవారి సంగతి ఏమి? ఇంటి యజమానికి నెలల అద్దె పోవునన్న భయము, ఇల్లు అచ్చిరాదన్న పేరు వచ్చునన్న భయము. గుంటూరు పట్టణపు సందొకదానిలో, ఊపిరి యుండగానే తండ్రిని రిక్షాలో ఎక్కించి పల్లెలోని బంధువుల పంచకు చేర్చిన కుటుంబమును మేమెరుగుదుము. ఆ యింటివారు దుర్మార్గులు కారు. అంతవరకు రోగికి పాలు పంపినది ఆ యింటి ఇల్లాలే. నమ్మకము ముందు ఆ పాలు నిలువలేదు. ఇట్టివారికి 'ఇంటికి తీసికొనిపోండి' అను వైద్యుని మాటకు అర్థమేమి? మనకు కట్టడము కావలసినది ముఖ్యముగా వీరికొరకు.

ఆసుపత్రియే ఇంటికి ఎదురువచ్చిన సందర్భమును గుంటూరు ఇదివరకే చూచినది. అమెరికాలోని లూథరన్ మిషన్ పంపగా డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు చేరెను. స్త్రీలకును పిల్లలకును ఆమె నెలకొల్పిన ఆసుపత్రి 1898లో తెరవబడెను. 1930లో ఆమె మరణించిన పిమ్మట దానికి ఆమె పేరే స్థిరపడెను. ఆనాడు ఘోషా కుటుంబములకును, ఆచారపరులైన గృహములకును ఆసుపత్రి అనగా పరాయిచోటు. అందలి అన్నము పరాయి అన్నము. స్త్రీని ఒంటరిగా అచ్చట విడువరు. వెంటవచ్చినవారికి నిలువనీడ లేదు. తన భార్యకు ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞుడై ఏలూరు రాజా భుజంగరావు బహద్దరు ఆసుపత్రి కెదురుగా ఒక సత్రము కట్టించెను. రోగుల బంధువులు అందు దిగవచ్చును. వైద్యురాలిది ఒక మతము, దాతది మరియొక మతము. నడుమనున్నది ఒక వీధి. ఆ సత్రము అవసరమగుటకు అంటుముట్టుల పట్టింపు ఒక కారణమని ఒప్పుకొందము. కాని ఆ పట్టింపు తొలగిన తరువాతను పొయ్యి అవసరము తొలగలేదు. మంచము క్రింద పడుకొన్న పల్నాటి రైతునకు కావలసినది ఆ వీధికి ఆవలనున్న సత్రమే.

గుంటూరునకే 1920లో ఆస్ట్రేలియానుండి డాక్టర్ మేరీ గ్లోరీ వచ్చెను. సన్న్యాసినిగా దీక్షపొంది సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిని పెంచెను. 1943లో దేశములోని కాథలిక్ ఆసుపత్రుల నన్నింటిని కలుపు సంఘమునకు పునాది వేసెను. ఎందరి చివరి ఘడియలనో చూచిన ఆమె 1957లో బెంగుళూరున, క్యాన్సరు వ్యాధితోనే, కన్నుమూసెను. వైద్యుడును ఒకనాడు మంచము పట్టవలసినవాడే యని ఆమె జీవితము చెప్పుచున్నది.

అప్పటికి లోకములో ఈ విషయమై కొత్త ఆలోచన మొలకెత్తుచుండెను. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అను ఆమె మొదట నర్సుగాను, తరువాత ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగినిగాను, పిమ్మట వైద్యురాలిగాను పనిచేసెను. ఆమె 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌ను తెరచెను. మరణాసన్నుని బాధ దేహముది మాత్రమే కాదు, మనస్సుది, కుటుంబముది, ఆత్మది కూడనని ఆమె బోధించెను. అన్నిటికంటె ముందు దేహబాధ తగ్గవలెనని, నొప్పి వచ్చువరకు ఆగక వేళ తప్పక మార్ఫిను ఇయ్యవలెనని ఆచరించి చూపెను. మనదేశములో 1986లో బొంబాయియందు శాంతి అవేద్న సదన్ తొలి హాస్పిస్‌గా వెలసెను. 1993లో కోళిక్కోడులో ప్రారంభమైన ఉపశమన చికిత్సాకేంద్రమునుండి కేరళములో ఊరూర స్వచ్ఛంద సేవకులు రోగి యింటికే వెళ్లు పద్ధతి పెరిగెను. తెలుగునాట హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియందు ఈ సేవ వేరూనెను. 2011లో అచ్చటనే బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువారు స్పర్శ్ హాస్పిస్‌ను నెలకొల్పిరి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టువారు కట్టించిన క్యాన్సరు కేంద్రము 2020లో ప్రారంభమయ్యెను.

చేసినది కొంత, చేయవలసినది కొండంత. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము ఏటా 5 కోట్ల 68 లక్షలమందికి ఉపశమన చికిత్స అవసరము. అందుచున్నది నూటికి 14 మందికి మాత్రమే. మార్ఫిను నల్లమందునుండి వచ్చునది. ప్రభుత్వపు అనుమతితో నల్లమందు పండించు దేశములలో మనది ఒకటి. అయినను 1985నాటి మాదకద్రవ్యముల చట్టము తెచ్చిన అనుమతిపత్రముల చిక్కువలన ఆ మందు మన రోగులకే అందక పోయెను. 2014లో చట్టమును సవరించి ఆ చిక్కును కొంత సడలించిరి. నొప్పితో మెలితిరుగువానికి ఏ గోడ రంగును కనబడదు, ఏ కూర రుచియు తెలియదు. కావున ఇల్లువంటి చోటునకు మొదటి పునాది మందు. ఆ పునాది పడిన పిమ్మటనే కట్టడపు మాట.

ఆ కట్టడమును గూర్చియు పడమటి దేశములలో మంచి ప్రయత్నము జరిగినది. మ్యాగీ కెస్విక్ జెంక్స్ అను క్యాన్సరు రోగి, ఆసుపత్రులలోని కిటికీలు లేని నడవలలో కూర్చుండి వేసారి, రోగులు వచ్చి కూర్చుండుటకు ఇల్లువంటి కేంద్రమొకటి కావలెనని తలచెను. ఆమె 1995లో మరణించెను. మరుసటియేడు ఎడింబరోలో ఆ కేంద్రము తెరవబడెను. దాని నడుమనున్నది అధికారి బల్ల కాదు, వంటయింటి బల్ల. వచ్చినవారు తమ తేనీరు తామే కాచుకొందురు. అది మరణాసన్నుల బస కాదు. పగటివేళ వచ్చిపోవు చోటు. అయినను, గణపతిదేవుని పేరైనను విననివారు, మల్కాపురపు పద్దునే మరల వ్రాసికొన్నట్లు మాకు తోచుచున్నది.

ఇక మన మైదానమునకు తగిన చోటెట్లుండవలెను? ఇల్లువలె అనగానే కొందరికి మెత్తని సోఫాలు, గోడలపై చిత్రములు, చల్లని యంత్రము, పరదాలు తోచును. అది వసతిగృహము. మన వ్యవసాయకుటుంబము అందు అడుగుపెట్టినచో చెప్పులు విడువవలెనా వలదా యని గుమ్మమువద్దనే సందేహించును.

మొదట అది దూరాన ఉండరాదు. పత్తితీతల వేళను, మిరపకోతల వేళను రైతు పొలము విడిచి నగరములో నెల దినములు కూర్చుండలేడు. కూలివాడు పూటకూలి విడువలేడు. మాచర్ల, వినుకొండ, నరసరావుపేట, ఒంగోలు, దర్శి, మార్కాపురము వంటి ఊళ్లలో, ప్రొద్దున పొలము చూచుకొని సాయంకాలమునకు రోగివద్దకు చేరగలిగినంత దగ్గరగా, చిన్న చిన్న గృహములు పది మంచములతో ఉండిన చాలును. ఇంటనే ఉండగలవారికి ఆ గృహమునుండియే నర్సు మందులసంచితో ఇంటికి వెళ్లవలెను. అద్దెయింటివారు, ఒంటరివారు, ఇరుకింటివారు గృహములోనికి రావలెను.

రెండవది స్థలము. అది మిరప కల్లములకును, మార్కెట్టు యార్డులకును, శీతల గిడ్డంగులకును గాలివాలున ఉండరాదు. మందపు గోడలు, ఎత్తైన కప్పు, చుట్టు లోతైన వసార, పడమట వేపచెట్లు వేసవిని సగము గెలుచును. కిటికీ నిలుచున్నవాని కంటికి గాక, పడుకొన్నవాని కంటికి అందవలెను; అందుండి బాట కనబడవలెను, ఎద్దులో ట్రాక్టరో పోవుట కనబడవలెను. మంచమును ఏ దిక్కునకైనను త్రిప్పుటకు వీలుండవలెను. దక్షిణమునకు తలపెట్టువారును కలరు, ఖిబ్లా వైపు మొగము త్రిప్పువారును కలరు. నేలకు దించగోరినచో దించుటకు మంచము ప్రక్క చాపవెడల్పు చోటు కావలెను. ఆ చోటుననే రాత్రి తోడుండువారు పడుకొందురు. మంచము క్రింద ఎవరును పడుకొనరాదు.

మూడవది వంటయిల్లు. ఒక పెద్ద వంటశాలయు, అందు జీతపు వంటవాడును చాలదు. నాలుగైదు పొయ్యిలు, రుబ్బురోలు, నీళ్లు, గిన్నెలు ఉండవలెను. ఏ కుటుంబము కావలసినది ఆ కుటుంబము వండుకొనవలెను. రోగి రెండు మెతుకులే తినవచ్చును, అదియు తినకపోవచ్చును. అయినను గోంగూర తాళింపు వాసన వచ్చినప్పుడు ఉప్పెక్కువైనదని చెప్పుటకు ఆమెకు హక్కుండవలెను. చూడవచ్చినవారిని కూర్చుండబెట్టి ఒక ముద్ద పెట్టించగలుగవలెను. ఈ వంటయింటికి కులపు గోడ, మతపు గోడ ఉండరాదు. పూర్వపు సత్రములనుండి మనము పొయ్యిని తీసికొని, ఆ గోడను విడిచివేయుదము.

నాలుగవది గడప. చూచువేళలని గంట కొట్టరాదు. పిల్లలు రావచ్చును, వారు ఆడుకొనుట రోగికి వినబడవచ్చును. మరణము సంభవించినప్పుడు స్నానము చేయించుటకు మరుగైన చోటును, ఏడ్చుకొనుటకు ఒక గదియు ఉండవలెను. దేహమును దొడ్డిదారిని పంపక ముందుద్వారమునుండియే గౌరవముగా సాగనంపవలెను. మరునాడు ఆ గదిలో దీపము పెట్టి మరియొకరిని ఆహ్వానింపవలెను. ఏ నక్షత్రమునకును మూతపడని ఇల్లొకటి ఊరిలో ఉన్నదని తెలిసినచో, బహుశః ఊరిలోని తక్కిన ఇండ్లకును కొంత ధైర్యము రాగలదు.

పల్నాటి పల్లెలో మేము చూచిన ఆ తల్లి సంక్రాంతికి ముందే కన్నుమూసెనని కుమారుడు మాకు ఉత్తరము వ్రాసెను. అంతకు ముందు దినము పత్తి అమ్మితిరా, ఎంత పలికినది అని అడిగి, తక్కువకు అమ్మినారని కోపగించెనట. వసారలోనే, నేలపై చాపమీద, కోడలి ఒడిలో తల యుండగా పోయెనట. ఆ కుటుంబము సంపన్నమైనది కాదు. వారికి మందు చాలినంత అందలేదు. రాత్రులు ఆమె మూల్గు విని నిద్రలేదని కూడ ఆ ఉత్తరములో నున్నది. అందుచేత ఇంటిమరణమంతయు సుఖమరణమని మేము చెప్పజాలము. ఆ వసారకు మందుసంచితో ఒక నర్సు వచ్చియుండినచో ఆ రాత్రులు వేరుగా గడచియుండెడివి.

మల్కాపురపు స్తంభము నేటికిని నిలిచియున్నది. ఆ చుట్టుప్రక్కల ఈ పదియేండ్లలో ఎన్నియో పెద్ద కట్టడములకు నక్షాలు గీయబడినవి. అట్టి నక్షాలలో ఎన్నడైన నయము కాని రోగులకొక గృహము చేరినచో, గీయువారిని మేము కోరునది ఒక్కటే. మంచములు ఎచ్చటనని లెక్క వేయుటకు ముందు పొయ్యి ఎచ్చటనో గుర్తు పెట్టుడు.